పాత ఇల్లు, పంచని వారసత్వం

వడ్డీ జోలికి వెళ్లకూడదని నిశ్చయించుకున్న కుటుంబానికి సొంత ఇల్లు ఎంత కష్టసాధ్యమో ఈ పత్రిక పాఠకులకు వివరించనవసరం లేదు. బ్యాంకు రుణం వద్దనుకున్న తరువాత మిగిలేవి రెండే మార్గాలు. ఏళ్ల తరబడి కూడబెట్టి స్థలం కొని, మళ్లీ కూడబెట్టి పునాది వేసి, మరికొన్నేళ్లకు గోడలు లేపడం ఒకటి. చేతిలో ఉన్న సొమ్ముకు దొరికే పాత ఇంటిని కొనుక్కోవడం రెండవది. మొదటి మార్గంలో బయలుదేరి, పిల్లల పెళ్లిళ్లు అయ్యేసరికి పునాది దగ్గరే ఆగిపోయినవారు నాకు చాలామంది తెలుసు. అందువల్ల బీచుపల్లికి సమీపంలోని ఒక ఊరిలో 14 లక్షలకు పాత ఇల్లు అమ్మకానికి ఉందని విన్నప్పుడు నేనూ నా భార్యా ఇద్దరమూ ఆశపడ్డాం. మద్రసా జీతంతో అద్దె ఇళ్లలోనే సంసారం గడిచింది. అంతే విస్తీర్ణంలో కొత్తగా కట్టించాలంటే స్థలంతో కలిపి రెండింతలకు పైగానే అవుతుంది.

హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే 44వ జాతీయ రహదారి కృష్ణానదిని దాటేది బీచుపల్లి వద్దనే. అవతలి గట్టు వనపర్తి జిల్లా, ఇవతలి గట్టు జోగులాంబ గద్వాల జిల్లా. ఆంజనేయస్వామి ఆలయం వల్లా, 2016 ఆగస్టు నాటి పుష్కరాల వల్లా ఈ పేరు దూరప్రాంతాల వారికీ పరిచయమే. రహదారికి ఆనుకుని ఉన్న స్థలాల ధరలు మా వంటివారికి అందనంత ఎత్తుకు వెళ్లాయి. లోపలి ఊళ్లలోని పాత ఇళ్ల సంగతి వేరు. పిల్లలు హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో వెళ్లిపోగా తాళాలు పడి ఉన్నాయి. అటువంటి వాటిలో ఇది ఒకటి.

దీనిని కట్టినాయన శ్రీశైలం ముంపు బాధితుడు. 1980ల ఆరంభంలో ఆ జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలోని ఎన్నో గ్రామాలు మునిగిపోయాయి. పరిహారం సొమ్ముతో ఆయన ఇక్కడ స్థలం కొని, పాత ఊరి ఇంటి నుంచి విప్పి తెచ్చిన దూలాలతో, ద్వారబంధాలతో ఈ మిద్దె లేపాడు. గోడలు మూరెడు మందం. మే నెల ఎండలో లోపల అడుగుపెడితే శరీరానికి హాయి తెలుస్తుంది. వెనుక వేపచెట్టు నీడలో ఆడవారు నిశ్చింతగా కూర్చోగల పెరడు, అతిథులకు విడిగా ఒక గది, అజాన్ వినిపించేంత దూరంలో మసీదు. దివ్య ఖుర్ఆన్ నహల్ సూరా 80వ వచనంలో, ఇళ్లను మనకు విశ్రాంతి నెలవులుగా చేయడాన్ని అల్లాహ్ తన అనుగ్రహాలలో ఒకటిగా పేర్కొన్నాడు. విశాలమైన ఇంటినీ, మంచి పొరుగువారినీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మానవుని సౌభాగ్యాలలో లెక్కించారు. ఇల్లు కోరుకోవడం ప్రాపంచిక వ్యామోహమని కొందరు అనుకుంటారు గాని, నేను ఏకీభవించను.

ఇక చూడడం గురించి. మద్రసాలలో మేము బోధించే 'హిదాయా' గ్రంథంలో వస్తువును చూసిన తరువాత కొనుగోలుదారుకు ఉండే హక్కును గురించిన అధ్యాయం ఉంది. ఇంటి ప్రాంగణం చూస్తే చాలు, గదులన్నీ చూడకపోయినా చూసినట్టే అన్నది పూర్వుల మాట. ఇమామ్ జుఫర్ మాత్రం లోపలికి ప్రవేశించి గదులు చూడవలసిందే అన్నారు. గ్రంథకర్త మర్గీనానీ దీనికి ఇచ్చిన వివరణ ప్రతి ఏటా విద్యార్థులకు చెప్పేటప్పుడు నాకు ముచ్చట కలిగిస్తుంది. పూర్వుల కాలంలో ఇళ్లన్నీ ఒకే తీరుగా ఉండేవి కనుక ప్రాంగణం చూస్తే సరిపోయిందనీ, ఇప్పుడు ఒక ఇంటికీ మరొక ఇంటికీ భేదం ఉంది కనుక లోపలికి వెళ్లక తప్పదనీ ఆయన తేల్చారు. ఆయన గతించి 800 ఏళ్లు దాటింది. మన ప్రాంతంలో మాత్రం ఈనాటికీ వాకిలి చూసి బయానా ఇచ్చివచ్చేవారు ఉన్నారు.

మేము లోపలికి వెళ్లాం, తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకుని. ఆయన ముందు పైకప్పు కింద నిలబడి ప్రతి దూలాన్నీ కర్రతో తట్టాడు. గట్టి మోత వచ్చినవి నాలుగు, బోలు మోత వచ్చినవి రెండు. ఆ రెండింటిలో చెదలు దాగి ఉన్నాయి. మట్టి మిద్దెను ఏటేటా వానలకు ముందు చూసుకోవాలి, కొత్త మట్టి పరచి చదును చేయాలి. తాళం పడిన ఇంటికి ఆ సేవ చేసేవారెవరు? గోడల అడుగున మూరెడు ఎత్తు దాకా చౌడు పట్టి సున్నం పొడిలా రాలుతోంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగిన ఒక పగులును మేస్త్రీ చాలాసేపు చూశాడు. పూతలో వెంట్రుకవాసి గీతలు ఎన్ని ఉన్నా ఫరవాలేదు, ఇలా మూలల నుంచి ఏటవాలుగా పోయే పగులు మాత్రం పునాది కదలికకు గుర్తు కావచ్చునన్నాడు. అక్కడ నేల నల్లరేగడి. వేసవిలో నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది, దానితోపాటు పునాదీ కదులుతుంది. పగులుకు అడ్డంగా పిడికెడు సిమెంటు పూసి, దానిమీద తేదీ వేశాడు. ఒక వానాకాలం గడిచినా అది చిట్లకపోతే కదలిక ఆగినట్టే. ఈ చిన్న పరీక్షకు ఖర్చు లేదు, ఓపిక కావాలి. పైకప్పు మార్చి, గోడల అడుగు భాగం సరిచేయడానికి నాలుగైదు లక్షలు అవుతుందని అంచనా వేశాడు.

నది సంగతీ ఆలోచించాం. మా ప్రాంతంలో ఎవరినైనా 2009 అక్టోబరు 2 గురించి అడిగి చూడండి. తుంగభద్ర కర్నూలు నగరాన్నీ, అలంపూరునూ, రాజోలినీ ముంచెత్తిన రోజులవి. శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టాన్ని కూడా దాటిపోయింది. మట్టి గోడ నీటిలో నానినప్పుడే కాక, నీరు తీసిన తరువాత కూడా నిదానంగా కూలవచ్చు. ఎగువన జూరాల గేట్లు ఎత్తినప్పుడు బీచుపల్లి వంతెన కింద కృష్ణమ్మ ఎలా ఉరకలు వేస్తుందో చూసినవారెవరూ నదికి దగ్గరలో ఇల్లు కొనేటప్పుడు ఈ ప్రశ్న వేయకుండా ఉండలేరు. అదృష్టవశాత్తు ఈ ఇల్లు మెరకన ఉంది. ఆ ఏడు కూడా నీరు దరిచేరలేదని ఊరివారు చెప్పారు.

ఇంతవరకు ఉన్న లోపాలన్నీ లెక్కకు వచ్చేవే. దూలం పాడైతే దూలం వెల తగ్గించి అడగవచ్చు. అమ్మేవాడు లోపాన్ని దాచకుండా చెబితే, కొనేవాడు నిజం పలికితే ఆ బేరంలో శుభం ఉంటుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశం. దాచిన లోపం బయటపడితే సరుకు తిప్పి ఇచ్చే హక్కు షరీఅత్ కొనుగోలుదారుకు ఇచ్చింది. కాని గోడలో కనిపించని లోపం ఒకటి ఉంటుంది.

దాన్ని తెలుసుకున్నది పొరుగింటి వల్ల. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఆనుకుని ఉన్న పొరుగువానికి కొనుగోలులో ముందు హక్కు ఉంది, దానినే 'షుఫా' అంటారు. ఈ విషయంలో ముస్లిమ్, ముస్లిమేతరుడు అన్న తేడా లేదు. సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ రాఫె (రజి) ఉదంతం ఉంది. తన గదులకు ఇతరులు 500 దీనార్లు ఇస్తామన్నా, పొరుగువాడైన హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు వాయిదాల మీద 4,000 దిర్హములకే ఇచ్చారాయన. పొరుగువానికి ఎక్కువ హక్కు ఉందని దైవప్రవక్త (స) నోట విన్నందువల్లనే ఆ ధరకు ఇస్తున్నానని చెప్పారు కూడా. చవకగా దొరకడంలో ఇటువంటి చవక కూడా ఉంటుంది! దేశ చట్టం సంగతి ఎలా ఉన్నా, అడగడం మర్యాద అనుకుని పక్కింటి రైతు దగ్గరకు వెళ్లాను.

"అన్నా, ఈ ఇల్లు నీకు కావాలంటే నేను తప్పుకుంటాను" అన్నాను.

ఆయన నవ్వాడు. "నాకెందుకు సాబ్, ఉన్నదే సూసుకోలేకపోతున్న. మీరొస్తే సంతోషం. గాని వానాకాలం ఒకపారి వచ్చి ఈ ఎనక గోడ సూడుండ్రి, తడి ఊరుతది."

ఈలోగా వారి ఇంట్లోని ఆడవారితో మాట్లాడుతున్న నా భార్యకు ఇంకొక సంగతి తెలిసింది. ఆ ఇంటి పెద్దాయనకు కొడుకులు ఇద్దరు మాత్రమే కాదు, కూతుళ్లు కూడా ముగ్గురు. మాతో బేరమాడుతున్న అన్నదమ్ములు ఇచ్చిన నోటరీ ప్రమాణపత్రంలో "మా తండ్రికి మేమిద్దరమే వారసులం" అని ఉంది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. మేము ఈసీ తీయించాం, అది శుభ్రంగా ఉంది. శుభ్రంగానే ఉంటుంది! ఈసీలో కనిపించేవి రిజిస్టరు అయిన లావాదేవీలు. అమ్మకం, తనఖా, దానపత్రం వంటివి. తండ్రి మరణించిన క్షణంలో అల్లాహ్ ఆజ్ఞ ప్రకారం కూతురికి సంక్రమించిన వాటా ఏ సబ్ రిజిస్ట్రారు పుస్తకంలోనూ నమోదు కాదు. పంచాయతీ ఇంటి పన్ను రసీదు ఇప్పటికీ తండ్రి పేరు మీదనే వస్తోందంటే పంపకం జరగలేదనడానికి అదే గుర్తు. ఇటువంటి ఇంటికి నోటరీ కాగితంతో తృప్తిపడకుండా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగాలి. దానితోనూ ఆగకుండా ఆ ఊరి ఆడవారిని అడగాలి. కుటుంబాల లెక్క వారికి తెలిసినంతగా ఏ కచేరీకీ తెలియదు.

పెద్ద కొడుకును అడిగితే ఆయన దాచలేదు. "చెల్లెళ్లు ఎప్పుడో మాఫీ చేశారు మౌలానా సాబ్. పెళ్లిళ్లకు నాన్న అంత ఖర్చు పెట్టాడు కదా" అన్నాడు.

ఈ మాట మన సమాజంలో ఎన్ని ఇళ్లలో వింటున్నామో! పెళ్లికి పెట్టిన ఖర్చు తండ్రి తన జీవితకాలంలో తన ఇష్టంతో చేసినది. అది వారసత్వానికి బదులు కాదు. నిసా సూరా 7వ వచనం, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా స్త్రీలకు అందులో నిర్ణీత భాగం ఉందని స్పష్టం చేసింది. పంచకుండా ఉన్న ఇంటిలోని వాటాను నోటి మాటతో 'మాఫీ' చేస్తే అది చెల్లదన్నది హనఫీ పండితుల నిర్ణయం. ఏదైనా ప్రతిఫలం పుచ్చుకుని రాజీగా తప్పుకోవచ్చు, లేదా వాటాను చేతికి అందుకున్న తరువాత సంతోషంగా ఇచ్చివేయవచ్చు. అన్నదమ్ముల ముఖం చూడలేక, పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో తల ఊపడాన్ని సమ్మతి అనలేం. ఇక కొనేవాని మాట. యజమాని అనుమతి లేకుండా ఇతరులు అమ్మిన వస్తువు బేరం ఆ యజమాని ఒప్పుకునేవరకు నిలిచి ఉంటుంది, పూర్తి కాదు. అంటే నేను ఇద్దరికి సొమ్ము చెల్లించి తాళం తీసినా, ఆ ఇంట్లో కొంత భాగం ముగ్గురు స్త్రీలదే.

ఆ రాత్రి నా భార్య అడిగింది: "ఏమండీ, రేపు ఆ అక్కచెల్లెళ్లలో ఎవరైనా ఈ వీధిలోకి వచ్చి తమ తండ్రి ఇంటి ముందు నిలబడితే, నేను తలుపు ఎలా తీయాలి?"

కాగితం తీసుకుని లెక్క వేశాను. తండ్రి పోయినప్పుడు భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. తరువాత తల్లి పోయింది. ఆమె భాగం కూడా పిల్లలకే వచ్చింది. ఆ తరువాత పెద్ద కూతురు రాయచూరులో మరణించింది. ఆమెకు భర్త, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఇంటిని 140 భాగాలు చేస్తే కొడుకులకు చెరి 40, బతికి ఉన్న కూతుళ్లకు చెరి 20, పెద్ద కూతురి భర్తకు 5, ఆమె కొడుకులకు చెరి 6, కూతురికి 3. ధర 14 లక్షలు కనుక ఒక్కొక్క భాగం సరిగ్గా 10,000 రూపాయలు. అన్నదమ్ములు చెరి ఏడు లక్షలు వస్తాయనుకుంటున్నారు, న్యాయంగా వచ్చేది చెరి నాలుగు. తక్కిన ఆరు లక్షలు బతికి ఉన్న కూతుళ్లవీ, పెద్ద కూతురి భర్తవీ, పిల్లలవీ.

పెద్ద కొడుకుకు కోపం వచ్చింది. ఈసీ శుభ్రంగా ఉందనీ, ప్లీడరు ఫరవాలేదన్నాడనీ, తన ఇంటి గొడవ నాకెందుకనీ అన్నాడు. వేరే బేరం సిద్ధంగా ఉందన్నాడు, అదీ నిజమే కావచ్చు. ఇటువంటి ఇల్లు ఈ ధరలో మళ్లీ మాకు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అయినా అందరి సంతకాలూ ఉంటేనే, ఎవరి వాటా వారి చేతికే ఇచ్చేటట్టయితేనే కొంటానని చెప్పాను. ధర తగ్గించమని అడగలేదు, మరమ్మతుల ఖర్చు కూడా భరిస్తానన్నాను. చిన్న కొడుకు ఏమీ మాట్లాడలేదు. వారం తరువాత తానే వచ్చి అక్కచెల్లెళ్ల ఫోను నంబర్లు ఇచ్చి వెళ్లాడు.

ఇద్దరు చెల్లెళ్లూ సంతకానికి వస్తామన్నారు. తమను ఇంతకుముందు ఎవరూ అడగలేదన్నారు. రాయచూరు నుంచి పెద్ద కూతురి బిడ్డ ఫోను చేసింది. డిగ్రీ చదువుతోందట.

"మౌలానా సాబ్, అమ్మ లేదు కదా, అయినా నానా ఇంట్లో నాకు వాటా ఉంటుందా?"

"ఉందమ్మా. 140లో 3. ముప్పై వేలు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఫీజు కట్టే గడువు ఎప్పుడో తన అన్నను అడిగి చెబుతానంది.

పెద్ద కొడుకు ఇంకా ఒప్పుకోలేదు. పగులుకు అడ్డంగా మేస్త్రీ పూసిన సిమెంటు ఇప్పటికి చిట్లలేదు గాని, పెద్ద వానలు ఇంకా రావలసి ఉన్నాయి. మేము ఉంటున్న ఇంటి యజమానితో మాట్లాడి అద్దె ఒప్పందాన్ని మరో ఆరు నెలలు పొడిగించుకున్నాం.