రెండు పేజీలూ పరాయివైన పిల్లలు

హైదరాబాద్‌లో శాలిబండ వైపు ఒక సర్కారు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టి, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలిచ్చారు. ఎదురుగా తెలుగు ఉంటే పిల్లలు ఇంగ్లీషు వైపు కన్నెత్తి చూడరని స్టాఫ్‌రూమ్‌లో కొందరన్నారు. ఆ పేజీ లేకపోతే సగం క్లాసు నోరు విప్పదని మేం వాదించాం. ఇప్పటికీ నాది అదే మాట.

పాతబస్తీలో చిక్కు ఇంకోటుంది. మా ఏడో తరగతిలో ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలూ ఉన్నారు. తెలంగాణ 2018 చట్టం ప్రకారం బడుల్లో తెలుగు తప్పనిసరి సబ్జెక్టే, కానీ లెక్కల పుస్తకం చదివి అర్థం చేసుకునేంత తెలుగు వాళ్లకు రాలేదు. రెండు పేజీలూ పరాయివే.

లాభనష్టాల పాఠం చెబుతున్నాను. ఒక అమ్మాయి ‘కాస్ట్ ప్రైస్ 400, సెల్లింగ్ ప్రైస్ 480’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని ఆగిపోయింది. వాళ్లమ్మ లాడ్‌బజార్ దుకాణాల కోసం ఇంట్లో లక్క గాజులకు రాళ్లు అతుకుతుంది. పక్కన కూర్చుని అడిగాను: “కిత్తేకు లియే? కిత్తేకు బేచే?” (ఎంతకు కొన్నారు? ఎంతకు అమ్మారు?) తడుముకోకుండా చెప్పింది: “అస్సీ రుపయే నఫా, టీచర్!” (ఎనభై రూపాయల లాభం.) నూటికెంతో కూడా తనే తేల్చింది, ఇరవై. తర్వాత అదే లెక్కను బోర్డు మీద ఇంగ్లీషులో రాయించాను, పక్క అమ్మాయి తెలుగులో చదివింది. ఆ పీరియడ్‌లో రెండు లెక్కలే అయ్యాయి. సిలబస్ వెనకబడుతుంది, నిజమే. అర్థంకాని పది లెక్కల కంటే ఈ రెండే నయం.

ఈ ఊళ్లో ఇలాంటి చిక్కు కొత్తది కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది, ఇంగ్లీషును తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచింది. పాఠ్యగ్రంథాల కోసం ప్రత్యేకంగా అనువాద సంస్థనే నడిపింది. ఆనాడు ఇంటిభాషను గడప బయట వదిలి చదివినవాళ్లు తెలుగు పిల్లలు. నేడు ఈ గదిలో ఆ కష్టం ఉర్దూ పిల్లలది.

అమ్మానాన్నలు ఇంగ్లీషు కోరడం న్యాయమే. అందుకే అడుగుతున్నాను: ఇలాంటి గదులకు ఉర్దూ పేజీ ఉన్న పుస్తకం కూడా ఇవ్వండి. రెండు భాషల్లో పాఠం చెప్పడమెలాగో మాకు శిక్షణ ఇప్పించండి. ఇంగ్లీషు పట్టుబడేదాకా పరీక్షలో పిల్లలు ఇంటిభాషలో జవాబు రాసినా మార్కులు వేయనివ్వండి.