నెలకి రెండు రోజులు అమ్మకి సెలవు

మా వంటింటి క్యాలెండర్ మీద గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాలవాడు రాని రోజులు, చీటీ డబ్బు కట్టాల్సిన రోజు, అన్నీ రాసి ఉంటాయి. వాటితో పాటు నెలకో శుక్రవారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా ఉంటుంది. దాని పక్కన శని, ఆదివారాల గళ్లలో మా అమ్మాయి "అమ్మకి సెలవు" అని రాస్తుంది. ఇంటి ఇల్లాలికి సెలవేమిటి అని నవ్వే చుట్టాలు ఇంకా ఉన్నారు. వాళ్లకి చెప్పినట్టే మీకూ చెబుతాను.

36 ఏళ్లు వచ్చేసరికి నాకు మూడుసార్లు న్యుమోనియా వచ్చింది. సైనస్ సంగతి సరేసరి, ఏడాదిలో సగం రోజులు ముక్కు దిబ్బడే. "నీకు చన్నీళ్లు పడవు, పెరుగు మానెయ్" అని అందరూ చెప్పేవారు. పెరుగు మానేశాను, దగ్గు మానలేదు. చివరికి ఒక డాక్టరమ్మగారు రక్తంలో ఇమ్యునోగ్లోబులిన్ల పరీక్ష రాశారు. కామన్ వేరియబుల్ ఇమ్యునో డెఫిషియెన్సీ అని తేలింది. పేరు పెద్దదే కానీ విషయం చిన్నది. రోగాలతో పోరాడే యాంటీబాడీలు నా ఒంట్లో చాలినంత తయారు కావు. కాబట్టి బయటినుంచి తెచ్చి ఎక్కించుకోవాలి.

ఆ మందు ఫ్యాక్టరీలో పొడులు కలిపి చేసేది కాదట. వేలమంది ఇచ్చిన ప్లాస్మాని కలిపి, అందులోంచి యాంటీబాడీలు వేరుచేసి సీసాల్లో నింపుతారు. ఎక్కించుకున్న దాంట్లో సగం మూడు వారాల్లో ఖర్చయిపోతుంది. అందుకే నాకు నాలుగు వారాలకోసారి. నా బరువు 60 కిలోలు, కిలోకి 400 మిల్లీగ్రాముల చొప్పున 24 గ్రాములు. అంటే 5 గ్రాముల సీసాలు ఐదు. జీవితాంతం.

మందు బాగా పనిచేస్తోంది. మొదలుపెట్టి నాలుగేళ్లయింది, మళ్లీ న్యుమోనియా రాలేదు. ఆసుపత్రిలో గడిపే రోజు కూడా పెద్ద కష్టం కాదు. మంచం మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టుకోవడమే. కష్టమంతా ఇంటికొచ్చాక మొదలవుతుంది.

శుక్రవారం రాత్రి మెడ వెనకనుంచి తలనొప్పి పాకుతుంది. మామూలుగా వచ్చే తలనొప్పిలాంటిది కాదు ఇది. కుక్కర్ విజిల్ వేస్తే కణతల్లో మేకు దిగినట్టుంటుంది. పోపు వాసనకి కడుపులో తిప్పుతుంది. ఒళ్లంతా, పెళ్లిపనులన్నీ ఒక్కదాన్నే చేసినట్టు, కీలు కీలూ నొప్పులు. ఒక్కోసారి చలి, సన్నటి జ్వరం. శనివారమంతా అంతే. ఆదివారం మధ్యాహ్నానికి తెరిపి.

మొదట్లో మా అత్తయ్య ఆశ్చర్యపోయేవారు. "మందేసుకుంటే లేచి కూర్చోవాలి గానీ, ఇంకా పడిపోతున్నావేంటమ్మాయ్? ఆ మందు నీకు పడట్లేదేమో, మానెయ్" అనేవారు. ఆవిడ మాటలో తప్పు లేదు. జ్వరం మాత్ర వేసుకుంటే జ్వరం తగ్గాలనే ఎవరైనా అనుకుంటారు. మా వారు వివరించబోయారు కానీ, "ప్రోటీన్లు, యాంటీబాడీలు" అనగానే ఆవిడ టీవీ వైపు తిరిగిపోయారు.

అందుకని ఒకసారి ఆవిడనే ఆసుపత్రికి తోడు తీసుకెళ్లాను. ఆ రోజు డాక్టరమ్మగారు తీరిగ్గా ఉన్నారు. "ఇది పరాయి మనుషుల ఒంట్లోంచి వచ్చిన సరుకు పెద్దమ్మగారూ, ఒక్కసారిగా అంత లోపలికి వెళ్తే ఒళ్లు కాస్త ఎదురుతిరుగుతుంది. రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నారు. అత్తయ్య ఆ సీసాల వంక చాలాసేపు చూసి, "ఎంతమంది తల్లుల బిడ్డల రక్తమో" అన్నారు. ఇంటికి వస్తూ ఆటోలో ఇంకో మాట అన్నారు: "అయితే ఇది పథ్యం రోజులన్నమాట."

ఆ ఒక్క మాటతో మా ఇంట్లో చాలా మారింది. జబ్బు అంటే అందరూ బెంగపడతారు, బద్ధకం అంటే విసుక్కుంటారు. పథ్యం అంటే అందరికీ తెలుసు. బాలింతరాలిని లేచి పప్పు రుబ్బమని ఎవరూ అనరు కదా. శనివారం పొద్దున్నే చారన్నం, వాము వేసిన మజ్జిగ, గదికి కర్టెన్లు, మిక్సీ బంద్. అన్నీ ఆవిడ పర్యవేక్షణలోనే.

ఇన్ని నెలల్లో నాకు ఉపయోగపడినవి కొన్ని రాస్తాను. ఎవరి ఒళ్లు వాళ్లది కాబట్టి మీ డాక్టరుని అడిగే చెయ్యండి.

మొదటిది నీళ్లు. గురువారం పొద్దుటినుంచే మొదలుపెడతాను. మంచినీళ్లు, బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ. ఒంట్లో నీళ్లు తక్కువైతే తలనొప్పి పెరుగుతుంది, మూత్రపిండాల మీద కూడా భారం పడుతుంది. మా విజయవాడ ఎండల్లో మే నెలలో ఇది మరీ ముఖ్యం. ఓసారి ఎక్కించుకునే వారంలోనే కార్తీక సోమవారం ఉపవాసం వచ్చింది. ఏమంటారోనని అత్తయ్య వంక చూశాను. "శివుడికి నీ ఆకలితో పనేంటి, తాగు" అని చెంబు చేతికిచ్చారు.

రెండోది వేగం. మందు మొదట చాలా మెల్లగా, నాకైతే గంటకి 30 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, ఒళ్లు ఒప్పుకుంటుంటే కొంచెం కొంచెంగా పెంచుతారు. ఒకసారి వేరే ఆసుపత్రిలో ఎక్కించుకోవాల్సి వచ్చింది. అక్కడి నర్సమ్మాయి పాపం మంచిదే. "త్వరగా అయిపోతే త్వరగా ఇంటికెళ్లిపోవచ్చు కదండీ" అని ఒకేసారి బాగా పెంచేసింది. పావుగంటలో దంతాలు టకటకా కొట్టుకునేంత వణుకు. మందు ఆపి, రెండు దుప్పట్లు కప్పి, ఇంజక్షన్ ఇచ్చాక గానీ తగ్గలేదు. ఇప్పుడు నా ఫైలు మొదటి పేజీలోనే, నాకు పడిన వేగం ఎంతో డాక్టరమ్మగారి చేత రాయించి పెట్టుకున్నాను. కొత్త నర్సు ఎవరొచ్చినా ముందు ఆ పేజీ చూపిస్తాను.

మూడోది, ఎక్కించే ముందు వేసే మాత్రలు. నాకు పారాసెటమాల్, అలర్జీ మాత్ర అరగంట ముందు ఇస్తారు. సీసాలు ఫ్రిజ్‌లోంచి తీసి చల్లదనం పోయాకే పెట్టమంటాను. వాటిని గట్టిగా ఊపకూడదు, గడ్డకట్టనివ్వకూడదు.

నాలుగోది నోటుబుక్కు. ఏ కంపెనీ మందు, సీసా మీది బ్యాచ్ నంబరు, ఎన్నింటికి మొదలైంది, తలనొప్పి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు తగ్గింది, అన్నీ మా అమ్మాయి రాస్తుంది. కంపెనీ మారితే ఒళ్లు వేరేగా స్పందించవచ్చు, అందుకే కుదిరినంతవరకు ఒకటే వాడమన్నారు. ఆ పుస్తకం చూసే డాక్టరమ్మగారు నా తలనొప్పి ఎప్పుడూ ఆరేడు గంటల తర్వాతే వస్తోందని గమనించి, ఇంటికొచ్చాక వేసుకునే మాత్రల వేళలు మార్చారు. సగం నొప్పి అక్కడే తగ్గింది.

ఇంకో సంగతి. కొన్నింటిని పథ్యంతో సరిపెట్టకూడదు. మెడ వంగనంత బిగుసుకుపోయి, వెలుతురు చూడలేక, వాంతులతో కూడిన తలనొప్పి వస్తే ఆసుపత్రికే. మెదడు పొరలు వాయడం ఈ మందుతో అరుదుగా జరుగుతుంది. ఒక కాలే వాచి నొప్పి పెట్టినా, గుండెల్లో నొప్పి, ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, నల్లటి టీ రంగులోకి మారినా తెల్లారేదాకా ఆగకూడదు. ఈ జాబితా మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది, కింద ఫోన్ నంబర్లతో సహా. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మందు సంగతి ముందే చెబుతాను. పరాయివాళ్ల యాంటీబాడీలు నా రక్తంలో ఉంటాయి కాబట్టి కొన్ని పరీక్షల్లో లేని జబ్బు ఉన్నట్టు కనపడొచ్చు.

ఇన్ని చెబుతున్నానని నాకు బెంగ లేదనుకోకండి. పోయిన ఏడాది మా అమ్మాయి పదో తరగతి. లెక్కల పరీక్ష సోమవారం, నా ఎర్ర సున్నా సరిగ్గా ముందు శుక్రవారం. పిల్ల పరీక్షకి చదువుకుంటుంటే తల్లి గదిలో చీకటి చేసుకుని పడుకోవడమా? ఒక పది రోజులు వాయిదా వేద్దామనిపించింది. కానీ నాలుగో వారంలో నా పరిస్థితి నాకు తెలుసు. మందు పలచబడి నీరసం ముంచుకొస్తుంది, ఎక్కడ లేని దగ్గూ నా దగ్గరికే వస్తుంది. రాత్రి కూరగాయలు తరుగుతూ మా వారితో ఈ మాటే అంటుంటే అది విన్నది.

"అమ్మా, నువ్వు తలనొప్పితో ఇంట్లో పడుకుంటే నేను చదువుకోగలను. న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉంటే చదువుకోలేను" అంది.

లెక్క అంత తేలిగ్గా చేసింది! శుక్రవారం వెళ్లి ఎక్కించుకొచ్చాను. శనివారం అది పక్కగదిలో లెక్కలు చేసుకుంటూ, గంటకోసారి గ్లాసు నీళ్లు తెచ్చి పెట్టి వెళ్లేది. అత్తయ్య టిఫిన్ సంగతి చూసుకున్నారు. సోమవారం పొద్దున దాని జడ నేనే వేశాను. చేతులు ఇంకా కాస్త నొప్పిగానే ఉన్నాయి, జడ మాత్రం బిగువుగానే కుదిరింది.

నాలాగే నెలనెలా ఏదో ఒక వైద్యం చేయించుకుంటూ, మర్నాడు లేవలేక, లేవలేదని నొచ్చుకుంటూ ఉండే ఆడవాళ్లు చాలామంది ఉంటారని నాకు తెలుసు. ఇంట్లోవాళ్లకి మన నొప్పి కనపడదు. క్యాలెండర్ మీద రాస్తే కనపడుతుంది. ఆ రెండు రోజులకి మీ ఇంట్లో అందరికీ అర్థమయ్యే పేరు ఒకటి పెట్టుకోండి. ఎవరు వండాలో, ఎవరు పిల్లల్ని బడి నుంచి తీసుకురావాలో ముందే అనుకోండి.

వచ్చే నెల నా శుక్రవారం మర్నాడే మా ఆడపడుచు కూతురి సీమంతం. గాజులు తొడగడానికి నేను వెళ్లలేను. ఆ మాట ఇవాళ ఫోన్ చేసి చెబితే, "పథ్యం రోజులుగా వదినా, తెలుసు. సోమవారం రా, పిల్ల ఎక్కడికీ పోదు" అంది.