నాడి దొరకని చెయ్యి

మా వదిన ఎడమ మణికట్టు దగ్గర నాడి దొరకదు. అయినా చెయ్యి వెచ్చగానే ఉంటుంది. కూరగాయలు తరుగుతుంది, పూలు కడుతుంది. సంగటి కెలికేటప్పుడు మాత్రం కాసేపటికే చెయ్యి లాగేస్తుంది.

జబ్బు పేరు తకయాసు ఆర్టరైటిస్. 1908లో జపాన్ కంటి డాక్టర్ మికితో తకయాసు, ఒక యువతి కంటి లోపల రక్తనాళాలు వింతగా ఒకదానితో ఒకటి కలిసి ఉండటం చూసి చెప్పాడు. ఎక్కువగా 40 ఏళ్ళలోపు ఆడవాళ్ళకు వస్తుంది. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని, దాని పెద్ద కొమ్మల గోడలు వాచి, మందమై, లోపలి దారి ఇరుకవుతుంది. కన్నడ మీడియంలో చదివిన మాకు ధమని అంటే 'అపధమని'. తెలుగు మాట వదిన జబ్బుతోనే నేర్చుకున్నాం.

మరి ఆ చేతికి రక్తం ఎట్లా అందుతోంది? మా కోలారు పక్క వాళ్ళకు చెరువు కాలువతో చెప్తే సులువు. పెద్ద కాలువ మెల్లగా పూడిపోతా ఉంటే నీళ్ళు పిల్లకాలువలు పట్టుకుని పోతాయి. మెడ, భుజం, ఛాతీ దగ్గర ముందునుంచీ ఉన్న సన్న నాళాలు అట్లే వెడల్పై, అడ్డు దాటించి రక్తం మోస్తాయి. దారి ఒక్కసారిగా మూసుకుంటే వాటికి ఇంత టైం దొరకదు.

అయితే పిల్లకాలువ పిల్లకాలువే. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో రోజూ చూసేదే ఇది: మామూలు లోడ్‌కు పాస్ అయినది, లోడ్ పెంచితే అవుతుందని కాదు. ఒక్కోసారి మెడ వెనక నాళంలో రక్తం వెనక్కి మళ్ళి చేతికి పోతుంది. అప్పుడు చేత్తో గట్టి పని చేస్తే మెదడుకు అందేది తగ్గి తల తిరగొచ్చు.

పెళ్ళిళ్ళలో బంధువులు, "చెయ్యి బాగానే ఉంది కదమ్మా, ఇంకా మాత్రలెందుకు?" అంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాం. పక్కదారులు పడ్డాయంటే వాపు చల్లారిందని కాదు. అది వేరే నాళాలకూ పాకొచ్చు. స్టెరాయిడ్ మాత్రలు ఉన్నట్టుండి మానేయడం ఇంకో ప్రమాదం. డాక్టరు చెప్తేనే తగ్గించాలి.

ఇంకొకటి. అడ్డుపడిన చేతికి బీపీ పట్టీ కడితే తక్కువ చూపిస్తుంది. ఒంట్లో అసలు బీపీ ఎక్కువే ఉండొచ్చు. వదినకు కుడి చేతి దారి బాగుంది కాబట్టి అక్కడే చూడమన్నారు డాక్టరు. ఆ ముక్క ఫైలు అట్ట మీద కన్నడంలో, పెద్ద అక్షరాలతో రాసిపెట్టాం.