రోమ్ కూలాక రాసిన పోస్ట్‌మార్టమ్

క్రీ.శ. 410 ఆగస్టులో అలారిక్ నాయకత్వంలో విసిగోత్‌లు రోమ్‌లోకి చొరబడి మూడు రోజులు దోచుకున్నారు. దాదాపు 800 ఏళ్లుగా పరాయి సైన్యం చేతికి చిక్కని ఊరు అది. జనం ఓడలెక్కి ఉత్తర ఆఫ్రికాకు పారిపోయారు. బెత్లెహేములో ఉన్న జెరోమ్ అనే పండితుడికి కబురు తెలిసి, చేస్తున్న పని ముందుకు సాగలేదట.

ఆ వెంటనే అసలు గొడవ మొదలైంది. తప్పెవరిది? పాత దేవుళ్లను వదిలేసి క్రైస్తవులయ్యారు కాబట్టే ఇలా అయిందన్నారు కొందరు. క్రైస్తవులకేమో ఇంకో తలనొప్పి. కాన్‌స్టంటైన్ చక్రవర్తి రాజ్యమే దేవుడి ప్లాన్ అన్నట్టు యుసేబియస్ రాసి అప్పటికి డెబ్బై ఏళ్లు దాటింది. మరి ప్లాన్ ఇలా కూలిందేంటి?

నేను చర్చికి వెళ్లేదాన్ని కాదు. మా ఇంట్లో అన్నీ తిరుపతి మొక్కులే. పోయినేడాది మా టీమ్‌లో పద్నాలుగు మందిమి ఆరుగురమయ్యాం. మిగిలినవాళ్లం లంచ్‌లో రోజూ ఇదే పంచాయితీ: తప్పు మేనేజర్‌దా, అమెరికా వడ్డీ రేట్లదా, ఏఐదా? నా పక్క సీటు ఖమ్మం ఫ్రెండ్ కంపెనీని ఇల్లనే అనేవాడు. వాడి బ్యాడ్జ్ మధ్యాహ్నానికల్లా పనిచేయలేదు. ఆ రోజుల్లోనే మియాపూర్ మెట్రోలో ఒక పాడ్‌కాస్ట్‌లో అగస్టీన్ గురించి విన్నాను.

ఆయన హిప్పో అనే రేవు పట్టణంలో బిషప్. ఇప్పుడది అల్జీరియాలోని అన్నాబా. 413 ప్రాంతంలో 'దేవుని నగరం' మొదలుపెట్టి, పదమూడేళ్లపాటు 22 భాగాలు రాశాడు. మొదటి భాగాలు చదువుతుంటే నాకు లాగ్స్ చూస్తున్నట్టే అనిపించింది. పాత దేవుళ్లకు పూజలు ఘనంగా జరిగిన రోజుల్లో రోమ్‌కు కష్టాలే లేవా? గాల్స్ దోచుకోలేదా? మారియస్, సుల్లా కాలంలో రోమన్లే రోమన్ల గొంతులు కోయలేదా? బగ్ ఈ రిలీజ్‌లో వచ్చింది కాదు బాబూ అంటాడు, మన భాషలో చెప్పాలంటే.

అసలు విషయం తర్వాత వస్తుంది. నగరాలు రెండు, కానీ మ్యాప్‌లో దొరకవు. తనను తాను ప్రేమించుకునే వాళ్లది ఒకటి, దేవుణ్ణి ప్రేమించే వాళ్లది ఒకటి. రెండూ ఒకే వీధిలో, చివరికి ఒకే చర్చిలో కలగలిసి ఉంటాయి. కాలం ముగిసేదాకా వాటిని ఎవరూ విడదీయలేరు. కాబట్టి ఏ రాజ్యమూ దేవుడి బ్రాంచ్ ఆఫీస్ కాదు, ఏ రాజ్యం కూలినా దేవుడు ఓడినట్టూ కాదు. చరిత్ర చక్రంలా తిరగదనీ, ఒక్కసారే ముందుకు నడుస్తుందనీ అన్నాడు. యుగాలు మళ్లీ మళ్లీ వస్తాయని నానమ్మ దగ్గర విని పెరిగిన నాకు ఇది మింగుడుపడటానికి టైం పట్టింది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆయన చెప్పిన ఒక పాత కథ. సముద్రాన్ని ఎందుకు అల్లకల్లోలం చేస్తున్నావని పట్టుబడ్డ దొంగను అలెగ్జాండర్ అడిగాడు. నువ్వు ప్రపంచాన్ని చేస్తున్నట్టే, అన్నాడు దొంగ. నాది చిన్న పడవ కాబట్టి దొంగనట, నీది పెద్ద నౌకాదళం కాబట్టి చక్రవర్తివట!

ఇంత తెలిసిన మనిషే బానిసత్వం దగ్గరకొచ్చేసరికి, అది ప్రకృతి నియమం కాదు, పాపానికి శిక్ష అంటాడు. అంటూనే బానిసలు మనస్ఫూర్తిగా సేవ చేయాలంటాడు. ఇక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఆ కాలం అలాంటిదిలే అని సర్దుకోవడానికీ లేదు. నిస్సా బిషప్ గ్రెగరీ ఆయనకంటే ముందే, దేవుడి రూపంలో ఉన్న మనిషికి వెల ఎంత కడతారని బానిసల యజమానులను నిలదీశాడు.

430లో వాండల్స్ హిప్పోను చుట్టుముట్టారు. ముట్టడి మూడో నెలలో అగస్టీన్ జ్వరంతో మంచం పట్టాడు. పశ్చాత్తాప కీర్తనలు రాయించి పక్కనే గోడకు అంటించుకుని, చదువుకుంటూ పోయాడు. ఊరు పోయినా ఆయన పుస్తకాలు మిగిలాయి.

దొంగ కథను ఖమ్మం ఫ్రెండ్‌కు వాట్సాప్ చేశాను. నవ్వు ఎమోజీ పెట్టి రాశాడు: "సోమవారం ఇంటర్వ్యూ ఉంది. మళ్లీ పెద్ద నౌకాదళమే."