వీథికి అటూ ఇటూ

న్యూయార్క్ మహానగరంలో 49వ వీథికి ఒకవైపున మబ్బులను ఒరుసుకొనే మేడ ఒకటి ఉన్నది. ఎదురు వైపున క్రిస్టీస్ వారి వేలశాల ఉన్నది. రెండూ రాక్‌ఫెల్లర్ సెంటర్ అనే భవన సముదాయంలోనివే. ఒక చోటి నుంచి మరొక చోటికి వెళ్లడానికి వీథి దాటితే చాలు. కాని ఒక మెక్సికన్ దంపతుల కళ ఆ వీథి దాటడానికి ఎనభై రెండేళ్లు పట్టింది.

1933లో ఆ మేడ ప్రవేశమందిరపు గోడపై డియెగో రివేరా బృహత్తరమైన కుడ్యచిత్రం ప్రారంభించాడు. భార్య ఫ్రీడా కాలో అప్పుడు ఆయన వెంటనే ఉన్నది. చిత్రంలో లెనిన్ ముఖం ప్రత్యక్షం కాగానే యజమానులు కలవరపడ్డారు. దానిని తొలగించమని కోరారు. కావాలంటే లింకన్‌ను కూడా చేరుస్తాను గాని లెనిన్‌ను చెరపనని రివేరా భీష్మించాడు. పారితోషికం పూర్తిగా చేతిలో పెట్టి ఆయనను సాగనంపారు. గోడకు తెర కట్టారు. 1934 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ చిత్రాన్ని పగులగొట్టి పెళ్లలుగా రాల్చివేశారు.

1939లో ఆ దంపతులు విడాకులు పొందారు. అదే ఏడు ఫ్రీడా ఒక చిన్న లోహపు రేకుపై తైలవర్ణచిత్రం రచించింది. ఎత్తు 25 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 30. పేరు 'అడవిలో ఇద్దరు నగ్న స్త్రీలు'. చామనఛాయ స్త్రీ కూర్చుని ఉండగా, తెల్లని స్త్రీ ఆమె ఒడిలో తల వాల్చి పడుకున్నది. వెనుక దట్టమైన ఆకుల నడుమ నుంచి ఒక కోతి తొంగి చూస్తున్నది. దేహాలు నగ్నమే అయినా, చూపరికి తోచేది శృంగారం కన్న ఓదార్పు. ఫ్రీడా తండ్రి జర్మనీ నుంచి వచ్చినవాడు. తల్లి వంశంలో మెక్సికో ఆదివాసుల రక్తం ఉన్నది. తనలోని ఆ రెండు పాయలే ఇక్కడ ఒకదానినొకటి సేదదీర్చుకొంటున్నాయని భావించేవారున్నారు. ఈ చిత్రాన్ని ఆమె తన స్నేహితురాలు, ప్రఖ్యాత సినీతార డొలోరెస్ డెల్ రియోకు కానుకగా ఇచ్చింది.

స్నేహానికి గుర్తుగా వెలసిన ఆ రేకు 2016 మే నెలలో 49వ వీథిలోని వేలశాలకు చేరింది. సుమారు 80 లక్షల డాలర్లు పలికింది. అప్పటికి ఫ్రీడా చిత్రాలకు వేలంలో వచ్చిన ధరలలో అదే అత్యధికం. ధర ఇంతగా పెరగడానికి మెక్సికో చట్టం కూడా ఒక కారణం. 1984లో ఆ ప్రభుత్వం ఫ్రీడా కృతులను జాతీయ కళాసంపదగా ప్రకటించింది. దేశంలో ఉన్నవాటిని శాశ్వతంగా బయటికి తరలించరాదు. అంతకుముందే ఎల్లలు దాటిన కొద్దిపాటి చిత్రాల కోసమే ప్రపంచంలోని ధనికులు పోటీపడవలసి ఉన్నది. 2025 నవంబరులో ఆమె మరొక చిత్రం న్యూయార్క్‌లోనే 5.47 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

రివేరా తన కుడ్యచిత్రాన్ని 1934లోనే మెక్సికో నగరంలోని లలితకళా ప్రాసాదంలో మళ్లీ రచించాడు. ఈసారి మద్యపాన గోష్ఠిలో రాక్‌ఫెల్లర్‌ను కూడా కూర్చోబెట్టాడు. ఆ చిత్రం నేటికీ అక్కడే ఉన్నది.

గోడ కదలలేదు కనుక సుత్తి దెబ్బకు లొంగిపోయింది. రేకు చేతులు మారగలిగింది కనుక బ్రతికింది. అయితే వేలంలో అమ్ముడైన చిత్రాన్ని పదిమందికీ చూపడం, చూపకపోవడం కొన్నవారి ఇష్టం. మెక్సికో నగరంలోని గోడకు మాత్రం వెల కట్టేవారు లేరు. దానిని ఎవరైనా వెళ్లి చూడవచ్చు.