గుర్రుమన్నందుకు కొట్టకండి

మొరిగే కుక్క కరవదని మన సామెత. మూడేళ్ళు బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని, సామెతలంటే నాకు మహా ఇష్టం. కానీ ఈ ఒక్క సామెతని నమ్ముకుని ఎవరూ కుక్క దగ్గరికి వెళ్ళకండి. మొరిగే కుక్కా కరుస్తుంది. మొరగని కుక్క ఇంకా చప్పున కరుస్తుంది. మొరిగినందుకూ గుర్రుమన్నందుకూ దెబ్బలు తిని తిని నోరు మూసుకోవడం నేర్చుకున్న కుక్క అయితే మరీను.

మా ఇంట్లో టైగరని ఒకడున్నాడు. పేరు చూసి భయపడకండి, వట్టి నాటుకుక్క. గోధుమ రంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలిపోయి ఉంటుంది. మా వారి పెదనాన్నగారి అబ్బాయికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆ చెరువుగట్టు మీద కాపలాకి పెంచిన కుక్క. పగలంతా మోటారు షెడ్డు గుంజకి గొలుసు, రాత్రి గట్టు మీద కాపలా. మాట వినడానికి కర్ర. చెరువులు లీజుకిచ్చేశాక, తీసుకున్నవాళ్ళు తమ కుక్కల్ని తెచ్చుకున్నారు. వీడు మిగిలిపోయాడు. దసరా వెళ్ళాక మా వారు ట్రాలీ ఆటోలో నిడదవోలు తీసుకొచ్చేశారు.

వచ్చిన వారం రోజులూ అరుపు లేదు, పరుగు లేదు. పెరట్లో ఎక్కడ కూర్చోమంటే అక్కడే. "ఎంత బుద్ధిమంతుడో చూడు" అని మా అత్తయ్యగారు మురిసిపోయారు. ఓ పొద్దున్న నేను వాకిలి తుడవడానికి చీపురు ఎత్తాను. వాడు ఉన్నచోటే ముడుచుకుపోయి, ఉచ్చ పోసేసుకున్నాడు. అప్పుడు తెలిసింది మాకు, అది బుద్ధి కాదు భయమని.

గొలుసు గురించి ఒక మాట. కుక్కని ఎప్పుడూ కట్టేసి ఉంచి, తిప్పకుండా వదిలేయడం మన దేశంలో నేరం. 1960లో వచ్చిన జంతుహింస నిరోధక చట్టంలోనే ఉంది. తిండీ నీళ్ళూ దొరకని చోట వదిలేసి రావడం కూడా అదే చట్టం కింద నేరం. ఈ రెండో సంగతి నాకు తర్వాత పనికొచ్చింది, చెప్తాను.

కుక్కలు నోటితో కంటే ఒంటితో ఎక్కువ మాట్లాడతాయి. నార్వేలో తురీద్ రూగస్ అని ఒకావిడ ఏళ్ళ తరబడి కుక్కల్ని చూసి, వాటి సైగల మీద చిన్న పుస్తకం రాసింది. నిద్ర రాకపోయినా ఆవులించడం, ఎదురుగా తిండి లేకపోయినా ముక్కు నాక్కోవడం, మొహం పక్కకి తిప్పేసుకోవడం, ఉన్నట్టుండి నేల వాసన చూడ్డం. ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది, కాస్త ఆగు" అనడమేనంటుంది. అదీ మనం పట్టించుకోకపోతే ఒళ్ళు కర్రలా బిగుస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది. అప్పుడు గుర్రు. ఆ తర్వాతే పళ్ళు.

ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినవాళ్ళకి ఇది కొత్త విద్యా ఏమిటి! కోడలు గిన్నె కాస్త గట్టిగా పెడుతుంది. పిలిస్తే రెండో పిలుపుకి పలుకుతుంది. "నాకు ఆకలి లేదండీ" అంటుంది. ఎవరికీ వినపడదు. ఓ రోజు నోరు తెరిచి ఒక్క మాట అంటే మాత్రం, "దీనికింత నోరెప్పుడొచ్చింది?" అని ఇల్లంతా ఆశ్చర్యపోతుంది.

తోక ఊపితే సంతోషమే అనుకోవడం కూడా తప్పేనట. 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. యజమాని కనపడితే తోక కుడివైపు ఎక్కువగా ఊగుతుంది, తమని భయపెట్టే కొత్త కుక్క కనపడితే ఎడమవైపు. "తప్పు చేశానని వాడికే తెలుసు, చూడు మొహం ఎలా పెట్టాడో" అంటూంటారు కదా, అదీ అంతే. న్యూయార్కులో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 2009లో పరీక్షించి చూసింది. తినొద్దన్నది తినేసిన కుక్కా, ముట్టుకోని కుక్కా, యజమాని తిడితే రెండూ అదే మొహం పెట్టాయి. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్నవి ఇంకొంచెం ఎక్కువే పెట్టాయి. అంటే అది తప్పు ఒప్పుకోవడం కాదు, మన కోపం చూసి బతిమాలుకోవడం.

సరే, అసలు గొడవకి వస్తాను. మొన్న కనుమ నాడు ఇల్లంతా చుట్టాలు. మా తోటికోడలి కూతురికి నాలుగేళ్ళు. టైగరు పెరట్లో సత్తుగిన్నెలో అన్నం తింటున్నాడు. అంతమందిలో ఎప్పుడు జారుకుందో, పిల్ల వెళ్ళి గిన్నెలో చెయ్యి పెట్టబోయింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. వాడు తినడం ఆపాడు. మొహం పక్కకి తిప్పాడు. ముక్కు నాక్కున్నాడు. నేను మెట్లు దిగేలోపల గుర్రుమన్నాడు. పిల్లని నడుం పట్టుకుని ఎత్తేసుకున్నాను. తోటికోడలు కెవ్వుమంది. మరిది దడికర్ర పీకాడు. నేను పిల్లతో సహా అడ్డంగా నిలబడిపోయాను. కర్ర దించాడు గానీ కోపం దిగలేదు.

సాయంత్రం వసారాలో పంచాయితీ. "తెల్లారుజామున కాలవ అవతల వదిలేసి వచ్చేద్దాం" అన్నాడు మరిది. "కుక్కకి యజమానెవరో రెండు దెబ్బలు తగిలిస్తేగానీ తెలీదు" అన్నాడు చెరువుల బావగారు. తోటికోడలు ఏమీ అనలేదు. పిల్లని ఒళ్ళోంచి దించలేదు. నన్ను ఇబ్బంది పెట్టింది ఆవిడ మౌనమే. నాలుగేళ్ళ పిల్ల మొహం సరిగ్గా కుక్క మూతి ఎత్తున ఉంటుంది. ఆ తల్లి భయం అక్షరాలా న్యాయం. "కుక్కలంటే ప్రేమ లేదు నీకు" అని ఎవరైనా ఆవిణ్ణి అంటే నేనూరుకోను.

నేను చెప్పింది ఒకటే. వాడు మూడు విధాల చెప్పి చూశాడు, నాలుగోసారి గుర్రుమన్నాడు. పళ్ళు తగల్లేదు. ఇవాళ గుర్రుమన్నందుకు కొడితే రేపట్నించి గుర్రుమనడు. గిన్నె మీద భయం అలాగే ఉంటుంది, మనకి ముందుగా తెలిసే దారి మాత్రం పోతుంది. అప్పుడు ఏకంగా కరుస్తాడు.

మా అత్తయ్యగారు పురాణం వినే మనిషి. ఆవిడకి అర్థమయ్యేలా సరమ కథ చెప్పాను. స్వర్గానికి వెళ్ళేటప్పుడు ధర్మరాజు వెంట నడిచిన కుక్క అందరికీ గుర్తే. భారతం మొదట్లో కూడా ఒక కుక్క ఉందని చాలామందికి గుర్తుండదు. జనమేజయుడు యాగం చేస్తున్నచోటికి సరమ అనే దేవతల కుక్క పిల్ల వస్తుంది. దేన్నీ ముట్టుకోదు. జనమేజయుడి తమ్ముళ్ళు ఊరికే కొడతారు. పిల్ల ఏడుస్తూ తల్లికి చెప్పుకుంటుంది. సరమ వచ్చి, ఏ తప్పూ చేయని పసివాణ్ణి ఎందుకు కొట్టారని నిలదీసి, అనుకోని ఆపద వస్తుందని చెప్పి వెళ్ళిపోతుంది. వెయ్యేళ్ళ కిందట నన్నయ గారు దీన్ని తెలుగు చేసింది ఎక్కడో కాదు, రాజమహేంద్రవరంలో. మనకి అరగంట రైలు. రాజులే జవాబు చెప్పలేక తల దించుకున్న ప్రశ్న అది.

అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, "ఉగాది దాకా చూద్దాం. మారకపోతే నేనే పంపించేస్తా" అన్నారు. వదిలేయడం నేరమని మా అమ్మాయి ఫోనులో చట్టం తీసి చదివింది. మరిది లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు మొదట పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నొప్పి ఉన్న కుక్క చిరాకు పడుతుంది. పళ్ళూ చెవులూ చూపించుకోకుండా బుద్ధి నేర్పుదామనుకోవడం అన్యాయం. డాక్టరుగారు చెవిలో పుండు చూసి మందిచ్చారు, రేబీస్ టీకా వేశారు. పెంపుడు కుక్కయినా సరే కరిస్తే, ఏ కుక్క కరిచినా సరే, గాయాన్ని పావుగంట సేపు ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో కడిగి అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి. మన వైపు కారం పెడతారు, సున్నం రాస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇంట్లో పెట్టుకున్న పద్ధతి చాలా చిన్నది. వాడు తింటుంటే ఎవరూ దగ్గరికి వెళ్ళకూడదు. నేను మాత్రం పది అడుగుల దూరంలో నించుని, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన లివరు ముక్క గిన్నె దగ్గర పడేలా విసిరి వెనక్కి వచ్చేసేదాన్ని. శనివారాలు మాకు నీచు లేదు కాబట్టి లేత కొబ్బరి ముక్క. (ఉల్లిపాయ, చాక్లెట్టు, ద్రాక్ష మాత్రం పెట్టకండి, కుక్కలకి విషం.) వాడి ఒళ్ళు వదులుగా ఉందనిపిస్తే రెండ్రోజులకి ఒక అడుగు ముందుకి. బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి. మనిషి గిన్నె దగ్గరికి రావడమంటే అన్నం పోవడం కాదు, ఇంకో ముక్క రావడమని వాడికి తెలియాలి.

రష్యాలో పావ్లోవ్ కుక్కల గురించి మీరు బళ్ళో చదువుకునే ఉంటారు. తిండికి ముందు ఒక చప్పుడు వినిపించి వినిపించి, ఆఖరికి చప్పుడుకే లాలాజలం ఊరేలా చేశాడు. (1904లో ఆయనకి నోబెల్ వచ్చింది దీనికి కాదు, అరుగుదల మీద పనికి.) మా ఇంట్లో ఆ చప్పుడు అత్తయ్యగారి చేతికర్ర. వాడి పాత బతుకంతా కర్రే కాబట్టి, వసారాలో టక్కుమంటే మంచం కిందికి దూరిపోయేవాడు. మోకాళ్ళ నొప్పులావిడ కర్ర మానలేరు కదా. అందుకని కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో గిన్నెతో ముక్కలు పెట్టాను. మెల్లిగా ఒక్క టక్కు, ఒక ముక్క.

"కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుందే అమ్మాయ్" అన్నారు మొదటిరోజు. మూడోరోజుకి ముక్కలు చిన్నగా కోయలేదని నన్నే దెబ్బలాడారు. పది రోజులకి వాడు మంచం కిందనుంచి ముక్కు బయటపెట్టాడు. మాఘమాసంలో మా వీధిలో పెళ్ళి ఊరేగింపు వచ్చి టపాకాయలు కాల్చారు. అంతే, నాలుగు రోజులు మళ్ళీ మొదటికి. ఆవిడ విసుక్కోలేదు. విసుక్కుంటారనుకున్నాను.

బావగారి "యజమాని" సిద్ధాంతానికి ఒక చరిత్ర ఉంది. 1947లో షెంకెల్ అనే ఆయన బంధించి ఉంచిన తోడేళ్ళని చూసి, అవి పెత్తనం కోసం కొట్టుకుంటాయని రాశాడు. 1970లో డేవిడ్ మెక్ రాసిన పుస్తకంతో ఆ మాట లోకమంతా పాకింది. కుక్కలు తోడేళ్ళ జాతే కనక, వాటిని అణిచిపెట్టాలన్నారు. తర్వాత మెక్ అడవిలో తోడేళ్ళని ఏళ్ళ తరబడి చూశాడు. ఎక్కువగా ఆ గుంపంటే అమ్మా, నాన్నా, వాళ్ళ పిల్లలూ. అంతే. 1999లో ఆ మాట తనే రాసి, తన పాత పుస్తకం ఇక వేయొద్దని ప్రచురణకర్తల్నే బతిమాలాడు. పెద్ద శాస్త్రవేత్త వెనక్కి తీసుకున్న మాటని మన మగవాళ్ళు ఇంకా చెరువుగట్ల మీద పట్టుకు తిరుగుతున్నారు.

మన వీధికుక్కల మీదే కోల్‌కతా ఐసర్‌లో పరిశోధనలు చేశారు. 2017లో వాళ్ళు చూసిందేమిటంటే, ముక్కూ మొహం తెలియని మనిషిని అవి నమ్మడానికి రోజూ తిండి పెట్టడం కంటే రోజూ తల నిమరడం ఎక్కువ పనిచేసిందట. మా వాడి తల నిమరడానికి నాకు ఫాల్గుణం దాకా పట్టింది. చెయ్యి పైనుంచి తెస్తే దెబ్బనుకుంటాడు. గడ్డం కిందనుంచి తేవాలి.

ఉగాది వచ్చింది, వెళ్ళింది. పంపించేసే మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు కర్ర టక్కుమంటే వాడే ఎదురెళ్తాడు. గిన్నె దగ్గరికి నేను వెళ్తే తలెత్తి చూసి తోక వదులుగా ఊపుతాడు. అలాగని అన్నీ బాగుపడ్డాయని చెప్పను. చీపురంటే ఇంకా తప్పుకుంటాడు. కొత్త మగవాళ్ళొస్తే పెరటి మూలకి పోతాడు.

వేసవి సెలవులకి తోటికోడలూ పిల్లా వస్తున్నారు. పిల్లకి రోజూ ఫోనులో చెప్తున్నాను. తినేవాణ్ణీ పడుకున్నవాణ్ణీ కదపకూడదు, వాడు రాకపోతే మనం వెళ్ళకూడదు, మొహం తిప్పుకుంటే వద్దన్నట్టు. "ఆవులిస్తేనో పెద్దమ్మా?" అని అదే గుర్తుచేస్తుంది. ఎంత నేర్చుకున్నా నాలుగేళ్ళ పిల్ల, నోరులేని జంతువు. వాళ్ళిద్దర్నీ పెద్దవాళ్ళు లేకుండా ఒక్క నిమిషం వదలకూడదు. వసారాకీ పెరటికీ మధ్య నడుమెత్తు చెక్క గేటు చేయిస్తున్నాం. గొళ్ళెం పిల్లకి అందకుండా పైన పెట్టమని వడ్రంగికి చెప్పాను. కింద సందులోంచి పిల్ల చెయ్యి దూరకూడదు వదినా అంది తోటికోడలు. ఆ సందుకి అడ్డపట్టీ కూడా కొట్టమన్నాను.