దొర్లే గుండూ, ఆగిన గుండూ

పిల్లలూ, పరుగెత్తకుండా, ఎగరకుండా, ఒకరి మీద ఒకరు పడకుండా ఆడే ఆట ఒకటి ఉన్నది. ఆ ఆటలో మన దేశపు స్త్రీలు బంగారు పతకం కూడా గెలిచారు. 2022 ఆగస్టు 2వ తేదీన, ఇంగ్లండులో జరిగిన కామన్వెల్తు క్రీడలలో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోనీ సైకియా, రూపా రాణీ టిర్కీ అనే నలుగురూ దక్షిణాఫ్రికా జట్టును 17–10 పాయింట్లతో ఓడించారు. ఆ ఆట పేరు బౌల్సు. మర్నాడు మా ఇబ్రహీంపట్నంలో పేపరు చదివినవాళ్ళు చాలామంది, "ఇదేం ఆటండీ, ఎప్పుడూ వినలేదే!" అని ఒకరినొకరు అడుగుకున్నారు.

ఆట చెప్పటం తేలికే. ముందు ఒక చిన్న బంతిని దూరంగా దొర్లిస్తారు. దాన్ని జాక్ అంటారు. తరవాత ఒక్కొక్కరే తమ గుండును దొర్లించి, జాక్‌కు ఎంత దగ్గరగా చేర్చగలరో చూస్తారు. ఎవరి గుండు దగ్గరగా ఉంటే వారికి పాయింటు. మన గోలీలాటకు పెద్దన్న అనుకోండి. పచ్చిక మీద ఆడితే అది లాన్ బౌల్సు. చలిదేశాలలో శీతాకాలం బయట నిలబడితేనే వేళ్ళు కొంకర్లు పోతాయి గనక, అప్పుడు ఇంటి కప్పు కింద తివాచీ పరిచి ఆడతారు.

ఈ కప్పు కింద ఆటను నేను కళ్ళారా చూశాను. మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటున్నది. ఒక చలికాలం మేము అక్కడికి వెళ్ళినప్పుడు, వాళ్ళ వీధి చివర ఉన్న హాలులో వారానికి ఒక సాయంత్రం ఈ ఆట జరిగేది. ఆడేవాళ్ళలో సగం మంది డెబ్భై దాటినవాళ్ళు. వంగలేనివాళ్ళు ఒక పొడుగాటి పట్టుకర్రతో గుండును పట్టి వదిలేవాళ్ళు. గుండు ఒక్కొక్కటీ కిలోన్నర దాకా తూగుతుంది. నియమాల ప్రకారం 1.59 కిలోలకు మించగూడదట.

తివాచీ పన్నెండు, పదమూడు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల లోపు వెడల్పు. దాని సరిగ్గా మధ్యలో, దారికి అడ్డంగా, ఒక మూరెడు చెక్కదుంగ పెట్టి ఉన్నది. నాకు ఆశ్చర్యం వేసింది.

"ఆట ఆడే దారిలో ఈ అడ్డం ఎందుకండీ?" అని పక్కన కూర్చున్న పెద్దమనిషిని అడిగాను.

"అది లేకపోతే కుర్రకారు బలం కొద్దీ తిన్నగా విసురుతారు. అది ఉన్నప్పుడు పక్క నుంచి తిప్పి పంపాలి. తిప్పి పంపాలంటే నెమ్మదిగా పంపక తప్పదు," అన్నాడాయన.

నాకు ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది. "వేగంగా విసరరాదు" అని గోడ మీద రాసి పెట్టటం ఎవరైనా చేస్తారు. వేగంగా విసిరితే లాభమే లేకుండా చెయ్యటం తెలివైన పని. తివాచీ రెండు చివరలా కూడా మూడు పక్కల చెక్కలు కట్టి ఉన్నాయి. దాటిపోయిన గుండు అక్కడ "టక్" మని తగిలి ఆగిపోతుందేగాని కుర్చీల కిందికి పోదు.

గుండును పక్క నుంచి తిప్పి పంపటం ఎట్లా? అందులోనే తమాషా ఉన్నది. ఈ గుండు నిండు గుండ్రన కాదు; ఒక పక్క కొంచెం తేడాగా తయారు చేస్తారు. అందువల్ల అది తిన్నగా బయలుదేరి, పోనుపోను ఒక పక్కకు వంగుతుంది. మీరు పాత సైకిలు టైరును పుల్లతో కొట్టుకుంటూ దొర్లించారు గదా? వేగంగా ఉన్నంతసేపూ అది తిన్నగా పోతుంది. వేగం తగ్గేసరికి ఒక పక్కకు ఒరిగి, ఆ పక్కకే తిరిగిపోతుంది. గుండు కూడా అంతే. వేగం తగ్గేకొద్దీ దాని వంపు ఎక్కువ అవుతుంది. చూసేవాడు, "ఇది అటు పోతున్నది, నాకేం!" అనుకుని నిలబడితే, చివరి రెండు మీటర్లలో అది అతని పాదాల వైపే వచ్చినా రావచ్చు. అందుకే ఆ హాలులో కుర్చీలన్నీ తివాచీకి బాగా దూరంగా, గోడ వారగా వేశారు.

ఆ సాయంత్రం ఒక సంగతి జరిగింది. జాక్ చుట్టూ ఎర్రవీ, నీలంవీ గుండ్లు నిగనిగలాడుతూ ఆగి ఉన్నాయి. చూడవచ్చిన ఒక చిన్న పిల్ల వాటిని ముట్టుకోవాలని చటుక్కున తల్లి ఒడిలో నుంచి దిగి పరుగెత్తింది. ఈ చివర ఒకాయన అప్పటికే చెయ్యి వెనక్కి ఊపి ఉన్నాడు. ఎవరూ కేక వెయ్యలేదు. పక్కన నిలబడిన ఒక ముసలమ్మ చెయ్యి పైకెత్తింది, అంతే. ఆయన గుండును వదలక పొట్టకు హత్తుకుని నిలబడ్డాడు. తల్లి వచ్చి పిల్లను ఎత్తుకుపోయేదాకా ఆట కదలలేదు. తరవాత ఎవరూ ఆ తల్లిని ఒక్క మాట అనలేదు.

అప్పటి నుంచీ నేను గుండ్లను చూడటం మాని, మనుషుల కాళ్ళను చూడసాగాను. అందరివీ మడమ లేని చదును జోళ్ళు. ఒకరు దొర్లించేటప్పుడు మిగిలినవాళ్ళు కదలరు. దొర్లిన గుండు ఆగేదాకా ఎవరూ అడుగు వెయ్యరు. ఆగిన గుండ్ల మధ్యకు వెళ్ళవలసివస్తే ముందు కింద చూస్తారు; వెనక్కి నడవరు. దొర్లే గుండును హాలంతా చూస్తుంది. ఆగిన గుండును ఎవరూ చూడరు. కాలి కింద పడేది ఆగినదే.

ఇది నాకు ఊరికే తట్టలేదు. మా మేనత్త ఒకావిడ ఉండేది. ఏటా దసరాలకు బెజవాడ వెళ్ళి, ఇంద్రకీలాద్రి మెట్లన్నీ నడిచే ఎక్కి అమ్మవారిని చూసి వచ్చేది. 1974లో ఒకనాడు సందె వేళ, దీపం పెట్టటానికి వసారాలోకి వస్తూ ఒక గోలీ మీద కాలు వేసింది. ఇంట్లో ఏడెనిమిది మంది పిల్లలం. నేను అప్పుడు బెజవాడలో కాలేజీలో ఉన్నాను. శనివారం ఇంటికి వచ్చేసరికి ఆవిడ మంచంలో ఉన్నది. తుంటి ఎముక విరిగింది. ఆ గోలీ ఎవరిదో ఇప్పటికీ తెలియదు. ఆ తరవాత ఆవిడ పదకొండేళ్ళు బతికింది గాని, మళ్ళీ కొండ మెట్టు ఎక్కలేదు.

గోలీ అంత చిన్నది, మనిషి అంత బరువు. అయినా మనిషే ఎందుకు పడాలి? మనం నడిచేటప్పుడు పాదం జారకుండా నేల దాన్ని పట్టి ఉంచుతుంది. దాన్నే ఘర్షణ అంటారు. పాదానికీ నేలకూ మధ్య గుండ్రని వస్తువు వస్తే ఆ పట్టు పోతుంది. అది దొర్లుతుంది, దానితోపాటు కాలూ పోతుంది. మీలాంటివాళ్ళు అయితే చెయ్యి ఆనించి లేచిపోతారు. వయసు మీదపడ్డవాళ్ళ ఎముకలు పలచబడి ఉంటాయి.

మొన్న వానాకాలం ముసురు పట్టింది. కొండపల్లి ఖిల్లా వైపు చూస్తే కొండే కనిపించలేదు. బడికి సెలవు. మా మనవరాలూ, ఎదురింటి కుర్రవాడూ, పక్కింటి కవల పిల్లలూ మేడ మీది గదిలో చేరి, "తాతయ్యా, నువ్వు చెప్పిన గుండ్ల ఆట ఆడదాం!" అన్నారు. ఎదురింటి కుర్రవాడు వలిచిన కొబ్బరికాయలు నాలుగు పట్టుకొచ్చాడు. అవి ఎట్లాగూ వంకరగానే దొర్లుతాయి గదా అని వాడి వాదం! వాదం బాగానే ఉంది. అయితే ముందు ఒక పరీక్ష చేసి చూద్దామన్నాను.

తొట్టి మొక్కకని తెచ్చిన బంకమట్టిని రెండు ముద్దలు చేశాము. ఒక ముద్దను గోడకు ఆనించి పెట్టి, కొబ్బరికాయను నెమ్మదిగా దాని మీదికి దొర్లించాము. మట్టి కొంచెం నొక్కుకున్నది. రెండో ముద్దను నేల మీద పెట్టి, అందరినీ దూరంగా నిలబెట్టి, నడుమెత్తు నుంచి అదే కాయను వదిలాను. ముద్ద అప్పడమై కూర్చున్నది.

"దొర్లే దానికన్నా చేతిలో ఉన్నదే ప్రమాదమా తాతయ్యా?" అన్నది మనవరాలు.

"లెక్క వేసి చూడవే," అన్నాను. "ఈ ఆటలో గుండు ఇంచుమించు నడిచే మనిషి వేగంతో పోతుంది. అంటే గంటకు 5 కిలోమీటర్లు. అదే గుండు మీటరు ఎత్తు నుంచి పడితే, అర సెకను కూడా పట్టదు, నేలను తాకేసరికి దాని వేగం గంటకు 16 కిలోమీటర్లు. వేగం మూడింతలైతే దెబ్బలోని శక్తి మూడింతలు కాదు, తొమ్మిదింతలు."

కవలలు ఇద్దరూ ఒకేసారి తమ కాలివేళ్ళు చూసుకున్నారు. బౌల్సు ఆటగాళ్ళు గుండును అందించేటప్పుడు పైనుంచి ఎందుకు జారవిడవరో, మోకాలు వంచి నేల దగ్గర ఎందుకు వదులుతారో ఇక చెప్పవలసిన పని లేకపోయింది. కొబ్బరికాయలు వంటింట్లోకి వెళ్ళాయి. పాత చీర పేలికలతో గట్టిగా చుట్టి, పురికొస కట్టి, ఎనిమిది బట్టబంతులు చేశాము.

జంపఖానాలు రెండు పరిచేటప్పుడు పిల్లలు ఒకదాని అంచు మీద ఇంకొకటి వేశారు. ఆ మడత కాలికి తగులుతుందని తీయించి, అంచులు ఎక్కడా లేవకుండా సాగదీయించాను. మధ్య అడ్డానికి ఇటుక తెస్తామన్నారు, తలగడ చాలునన్నాను. చివర పరుపు చుట్టి పెట్టాము. సుద్దముక్కతో గోడ వారగా ఒక గీత గీసి, చూసేవాళ్ళు గీత అవతలే కూర్చోవాలన్నాను.

ఎదురింటి కుర్రవాడికి ఇది నచ్చలేదు. "బట్టబంతి తగిలినా దెబ్బ ఉండదు గదా తాతయ్యా! మళ్ళీ గీత ఎందుకు?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కుంటూండగానే, గుమ్మం దగ్గర పట్టెమంచం మీద కూర్చున్న మా అమ్మ అందుకున్నది. ఆవిడకు 88 ఏళ్ళు. పిల్లలకు తాతమ్మ.

"ఒరే అబ్బాయ్, మీ బంతి వచ్చి నాకు తగలదురా. నా కాలు పోయి మీ బంతికి తగులుతుంది," అన్నది.

వాడు ఇంకేమీ అనలేదు. అయితే ఇంకొక చిక్కు వచ్చింది. ఆట జరుగుతున్నంతసేపూ ఒకరు దొర్లే బంతిని చూడకుండా, నేలనూ మనుషులనూ కనిపెట్టి ఉండాలని, దానికి ఒక కాపు కావాలని చెప్పాను. ఆ పనికి ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆట చూడకుండా కూర్చోవాలంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? చివరికి తాతమ్మే, "నేను కూర్చుంటాను. మీ ఆట నాకు తెలియదు గనక దాని మీద ధ్యాస పోదు," అన్నది. చేతికర్రను గుమ్మానికి అడ్డంగా పెట్టింది. గుమ్మంలోకి ఎవరు వచ్చినా కర్ర లేచేది. కర్ర లేస్తే బంతి వదలకూడదు. మధ్యలో మా కోడలు పకోడీల పళ్ళెం పట్టుకొచ్చింది. పళ్ళెం అడ్డు వచ్చి ఆవిడకు కింద ఏమున్నదీ కనిపించదు. కర్ర లేచింది. పిల్లలు నాలుగు బంతులూ తీసి పక్కన పెట్టేదాకా, పకోడీలు ఎంత ఘుమఘుమలాడినా, దిగలేదు.

ఆఖరి పందెంలో ఎదురింటి కుర్రవాడి బంతీ, మనవరాలి బంతీ జాక్‌కు సమానదూరంలో ఉన్నట్టు కనిపించాయి. పెద్ద తగాదా బయలుదేరింది. తాతమ్మ జోలెసంచీలో నుంచి దారపుకండె తీసి ఇచ్చింది. అందరూ గీత అవతలికి పోయాక, కవలలలో ఒకడు వంగి, దారంతో కొలిచాడు. మనవరాలి బంతి వేలెడు దగ్గర. ఎదురింటి కుర్రవాడు దారం సాగిందన్నాడు, ముడి పడిందన్నాడు. రెండోసారి కొలవమన్నాడు. కొలిచినా అంతే వచ్చింది.